మురుగునీటి దీపాలు

గద్వాలలో జోగయ్య అద్దకపు కొట్టం వెనుక, 2008 వేసవిలో, భూమిలోకి ఒక తొట్టిని దింపారు. మనిషి నిలువు లోతు. పట్టునూలును ఉడకబెట్టిన సబ్బునీళ్ళూ, రంగు కాగుల కడుగునీళ్ళూ అందులోకి పారేవి. గాలి చొరని ఆ చీకట్లో సూక్ష్మజీవులు మురుగును తింటాయనీ, తింటూ విడిచే విద్యుత్తును బొగ్గు కడ్డీలు అందుకుంటాయనీ నగరం నుంచి వచ్చిన ఆచార్యుడు దశరథం వివరించాడు. నిజంగానే కొట్టం గోడ మీద చిన్న దీపాల వరుస వెలిగింది. ఊరు ఊరంతా వచ్చి చూసి పోయింది.

జోగయ్య భార్య జోగమ్మకు మాత్రం దీపాలను చూసే తీరిక లేకపోయింది. కొట్టానికి ఆనుకుని ఉన్న మగ్గం మీద వెండిజరీ నల్లబడటం మొదలైంది. జరీ నల్లబడితే గద్వాలలో ఎవరైనా ముందు అనుమానించేది జరీ అమ్మిన సేటును. జోగయ్యా అంతే. నకిలీ సరుకు అంటగట్టాడని నడిబజారులో సేటును తిట్టి, మరొకరి దగ్గర కొన్నాడు. అదీ నల్లబడింది. నేతగాడి చేతిచెమటను నిందించాడు. మగ్గానికి నాలుగు మూరల దూరంలో ఉన్న తొట్టివైపు ఎవరి చూపూ పోలేదు. మొదట్లో మురిగిన గుడ్ల వాసన వచ్చేది. కొన్నాళ్ళకు అదీ తెలియకుండా పోయింది. వాసన పోయిందని సంతోషించారు గాని, తమ ముక్కులే మొద్దుబారాయని ఒక్కరికీ తోచలేదు.

అమావాస్యనాడు మగ్గం ఆడదు. ఆ రోజు కాగులన్నీ బోర్లించి, అడుగున మిగిలిన తేజాబుతో, అంటే ఘాటు ఆమ్లంతో సహా కడిగి వీధి కాలువలోకి వదలటం ఆ ఇంటి ఆనవాయితీ. ఈసారి దీపాలను చూడటానికి హైదరాబాదు నుంచి అధికారి వస్తున్నాడు. వీధి మురికిగా కనబడరాదని ఆ కడుగునంతా తొట్టిలోకి మళ్ళించారు. తెల్లవారేసరికి దీపాలు ఆరిపోయి ఉన్నాయి.

అధికారి కోసం జోగమ్మ తొట్టి మూత చుట్టూ ముగ్గు పెట్టింది. లేచేసరికి కళ్ళు మండాయి, తల దిమ్మెక్కింది. కాళ్ళవంక చూసుకుంది. నిన్ననే చింతపండుతో తోమిన వెండిమెట్టెలు నల్లబడి ఇనుపముక్కల్లా ఉన్నాయి.

సేటు మోసగాడు కాడు. ఆ సంగతి ఆమెకు మొదటిసారి తట్టింది.

అద్దకం పనిచేసే మునవ్వర్ లుంగీ ఎగగట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"పెద్దమ్మా, జర జరుగు. బండ లేపాలె."

"ఎందుకురా?"

"లోపల కడ్డీ ఊడిందంట. దిగి బిగిస్త."

"సార్ దిగడా?"

"సార్ ప్యాంటు ఇస్త్రీది పెద్దమ్మా. నా లుంగీకి ఇంకో రంగైతే పాయె."

జోగమ్మ నవ్వలేదు. మూతబండ మీద కూర్చుంది. జోగయ్య పరుగున వచ్చాడు.

"ఏందే, గిట్ల గూసున్నవ్?"

"నా మెట్టెలు జూడు."

"నల్లగైతే చింతపండు వెట్టు. బండ మీద గూసుంటే తెల్లగైతయా?"

"పొద్దుగాల తెల్లగనే ఉండె. జరీ గూడ గిట్లనే ఆయె. లోపల ఏందో ఉంది. పోరన్ని దింపనియ్య."

దశరథం గడియారం చూసుకుంటూ వచ్చాడు. ఆమె ఆయననే అడిగింది.

"సార్, లోపల ఏముంది?"

"కొద్దిగా వాయువు ఉంటుందమ్మా. అది సహజమే."

"మనిషి దిగొచ్చునా?"

"మూత తీసి కాసేపు ఉంచితే..."

"ఎంతసేపు?"

ఆయన మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

"అయితే మీరే దిగున్రి. మునవ్వరు పైన ఉంటడు."

దశరథం బండ దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. జోగమ్మ ఆ అడుగును చూసింది. ఆయనకు తెలుసు. తెలిసే మునవ్వర్‌ను పిలిపించాడు. తెలియనివాడిని క్షమించవచ్చు, ఇస్త్రీ నలగకుండా ఇంకొకరి ఊపిరిని పణంగా పెట్టేవాడిని ఏమనాలో ఆమెకు మాట దొరకలేదు. ఆమె కదలలేదు.

ఇంతలో వీధి మలుపులో జీపు చప్పుడు వినిపించింది. జోగమ్మ చూస్తుండగానే దశరథం తొందరగా గోడ వెనక్కి వెళ్ళి, సంచిలోంచి టార్చిలైటు సెల్లులు తీసి తీగకు కట్టాడు. దీపాలు వెలిగాయి. వాటిని చూసి అధికారి ముచ్చటపడ్డాడు.

"ఆమె అక్కడెందుకు కూర్చున్నారు?"

"పూజ సార్. ఇక్కడి ఆచారం," అన్నాడు దశరథం.

అధికారి చేతులు జోడించాడు.

"పూజ గాదు సార్," అంది జోగమ్మ. "లోపల ఇసపుగాలి ఉంది. గా దీపాలు దీనివి గావు, సెల్లులవి. గోడెనక జూడున్రి."

జోగయ్య తల దించుకున్నాడు. అధికారి ఆమెవైపు దయగా చూశాడు.

"కొత్తదంటే భయం ఉంటుందిలేమ్మా. మెల్లగా అలవాటవుతుంది."

ఆయన గోడ వెనక్కి వెళ్ళలేదు. వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ ఇలాంటి తొట్లు కట్టిస్తామన్నాడు. వాటిని చూసుకోవటానికి స్థానికుడు కావాలన్నాడు. దశరథం మునవ్వర్‌ను ముందుకు నెట్టాడు.

"పెద్దమ్మా, ఇన్నవా?" మునవ్వర్ ఆమె పక్కన వంగి గుసగుసలాడాడు. "సర్కారు జీతమంట."

"దిగనని జెప్పు బిడ్డా."

"దిగకుంటే జీతమెందుకిస్తరు పెద్దమ్మా?"

అతను వెళ్ళి జీపు వెనుక ఎక్కాడు. ధరూర్‌లో ఇలాంటి తొట్టే రెండు నెలలుగా మూసి ఉందనీ, పొద్దు గూకేలోగా మునవ్వర్‌ను దింపి దాని కడ్డీలు మార్పిస్తాననీ ముందు సీటులోంచి దశరథం అధికారికి చెబుతున్నాడు.

ఆ మాట జోగమ్మ చెవిన పడింది. ఆమె బండ మీది నుంచి లేచింది. అప్పటికే జీపు కదిలింది.