ఎడమచేతి పని

ఏటా ఆగస్టు రాగానే మేనేజరు మనోల్ సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి పోయేవాడు. పోతూ తన మెయిలుకి, దానంతటదే వెళ్లే ఒక జవాబు తగిలించేవాడు: "నేను సెలవులో ఉన్నాను. ఏ పనికైనా రదోస్వెతను అడగండి." ఆఫీసులో తన కింద పనిచేసే రదోస్వెతను మాత్రం, వీలవుతుందా అని అతను ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నిరుడు ఆమె సొంత చెల్లెలి పెళ్లికి కూడా పోలేదు. ఊరదోసకాయల లారీ సరిహద్దులో ఆగిపోతే, ప్లోవ్‌దివ్ ఆఫీసులో ఫోన్లు పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చాక మనోల్, కంపెనీ యజమాని ఎదుటే అన్నాడు: "ఆవిడ చేసేదేముంది, ఆ పని నేను ఎడమచేత్తో చేస్తాను."

ఈ ఏడు రదోస్వెత జనవరిలోనే సెలవు కాగితం పెట్టింది. మనోల్ చదవకుండానే సంతకం గీకాడు. ఆగస్టు ఒకటిన ఆమె మెయిలు కూడా జవాబివ్వడం మొదలుపెట్టింది: "నెలాఖరు దాకా సెలవు. నా పని మనోల్ గారు ఎడమచేత్తో చేస్తారు. సముద్రం ఒడ్డున ఆయన ఇంటి ఫోన్ నంబరు ఇది."

మూడో రోజు రదోస్వెత చెల్లెలి పెరట్లో టమాటాలు కోస్తుంటే ఫోన్ మోగింది.

"ఏమ్మా, బుద్ధుందా నీకు? పొద్దుట్నుంచి నలభై ఫోన్లు. యజమాని కూడా నాకే చేశాడు. లారీ కాగితాలు ఎక్కడున్నాయో నాకేం తెలుసు?"

"ఆ మాట ఆయనకి చెప్పారా సార్?"

"చెప్పక చస్తానా. రేపు వచ్చెయ్, బతిమాలుతున్నా."

"నోటిమాట ఎందుకు సార్, మెయిలు పెట్టండి. జవాబు క్షణంలో వస్తుంది."

ఫోన్ ఆపేసి, నిరుడు పెళ్లిలో అక్క వాటాగా చెల్లెలు దాచిన రాకియా పళ్ల సారా సీసా మూత తీసింది.