ఇంకాస్త పడుతుందిలే

మా ఇంట్లో మొదటి అట్టు నాది. పెనానికి అంటుకుని, చిరిగి, ఓ పక్క మాడిన అట్టు. "పారేయడం దేనికమ్మా, నువ్వు తినెయ్. ఇంకాస్త పడుతుందిలే," అనేవారు మా అత్తగారు సూర్యకుమారి. ఆవిడ పోయి ఏడాదైంది. దేశంకాని దేశంలో, యీషున్‌లోని ఈ ఫ్లాట్‌లోంచి ఆవిడ మాట మాత్రం పోలేదు. నిన్నటి చారు గిన్నె మూత తీస్తే చాలు, వెనకాలే నిలబడి అన్నట్టు వినిపిస్తుంది. తిరిగి చూడను. భయం. వెనక ఎవరూ లేకపోతే, మరి నేనింకా తింటున్నది ఎవరి మాట విని?

నా ఉద్యోగమూ అలాంటిదే, ఖర్మ! కాంక్రీటు కంపెనీ ల్యాబ్‌లో ఇంజనీర్ని. షిప్‌యార్డుల్లో ఓడల తుప్పు వదిలించడానికి రాగి కరిగించగా మిగిలిన చిట్టెం రవ్వని గాలి ఒత్తిడితో చిమ్ముతారు. వాడి పారేసిన ఆ నల్లటి రవ్వని కడిగి, కొంత ఇసుక బదులు కలుపుతాం. సరిగ్గా కలిపితే ఏళ్లకేళ్లు నిలుస్తుంది. నిన్న మేనేజర్ సాంబమూర్తిగారు వచ్చి, "ఇసుక మొత్తం మానేసి అదే వేసెయ్యి నిఖిలా. ఇంకాస్త పడుతుందిలే," అన్నారు. అచ్చం ఆవిడ మాటే.

"పట్టదు సార్," అన్నాను. "అది నీళ్లు పీల్చుకోదు. హద్దు దాటితే నీళ్లు పైకి తేలి బలం పోతుంది. నేను ఒప్పుకోను."

"చెత్త మీద ఎంత ప్రేమమ్మా!" అని నవ్వారాయన. నవ్వితే నవ్వారు గానీ, మిక్స్ మార్చలేదు. చెత్తకి హద్దుందని అంత గట్టిగా చెప్పిన దాన్ని, ఇంటికొచ్చి పిల్ల వదిలేసిన చల్లటి నూడిల్స్ నిలబడే తిన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ ఉదయం మళ్లీ అట్లు. "మాడింది నాకొద్దు," అన్నారు మావారు శశికాంత్, ఫోన్లోంచి తలెత్తకుండా. మా అమ్మాయి వర్షిత ఆ అట్టు తీసి నా ప్లేట్లో వేసింది.

"డోంట్ వేస్ట్ లా. అమ్మ విల్ ఈట్. ఇంకాస్త పడుతుందిలే."

నోరు తెరిస్తే చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషే మాట్లాడే పిల్ల. ఆ ఒక్క తెలుగు ముక్కా నానమ్మ సాగదీతతో సహా వచ్చింది. అప్పుడు తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. అత్తగారికీ ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు. ఆవిడా నిలబడే తిని ఉంటారు. నా తర్వాత ఈ ప్లేటు నా కూతురిదే కదా!

స్టవ్ కట్టేశాను. ప్లేటు తీసుకెళ్లి శశికాంత్ ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వంటింట్లోంచి ఏ గొంతైనా వస్తుందేమోనని విన్నాను. రాలేదు.

"ఇదేంటి?" అన్నారాయన.

"మొదటి అట్టు. నాకింక పట్టదండీ. పిండి అక్కడే ఉంది, రెండోది నాకు పోసుకురండి."