నూట పదిహేడో బల్బు

ఆమె గనిలోకి దిగే లిఫ్టు ఎక్కింది. ఇరవై రెండేళ్ల కిందట గని అడుగున, న్యూట్రినోలను పట్టే నీళ్ల ట్యాంకులో బల్బులన్నీ బిగించింది ఆమే. రేపటి నుంచి దాన్ని విప్పేస్తారు. నీళ్లు తోడేశారు. ఆమెకు తేలాల్సింది ఒక్కటే: నూట పదిహేడో బల్బు తన చేతి పొరపాటు వల్లే పాడైందా?

న్యూట్రినోలనే అతి చిన్న కణాలకు గోడా లేదు, కొండా లేదు. సూర్యుడిలో పుట్టినవి కోట్లకు కోట్లు ప్రతి క్షణం మన గోటిలోంచి దూసుకుపోతున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎప్పుడో ఒకటి ట్యాంకు నీళ్లలో దేన్నో ఢీకొంటే రవ్వంత నీలి వెలుగు పుడుతుంది. దాన్ని పట్టడానికే ఆ బల్బులు. అవి వెలుగునివ్వవు, వెలుగును చూస్తాయి. వేరే కిరణాలు రాకుండా పైన కిలోమీటరు మందాన రాయి, లోపల కటిక చీకటి.

అంత చీకట్లోనూ నూట పదిహేడు మొదటి రోజు నుంచీ వెలుగుందనే చెప్పింది.

"బిగింపు లోపం," అన్నాడు అప్పట్లో ప్రయోగం నడిపిన పెద్దాయన.

"బల్బు మంచిదేనండీ. అక్కడేదో వెలుగుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస, అమ్మాయ్! ట్యాంకు విప్పిన్నాడు చూద్దాం. తప్పు నాదైతే అందరి ముందూ ఒప్పుకుంటా."

బల్బు ఆపేశారు. 'బిగింపు లోపం' అన్న మాట ఆమెకు ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఆ రోజులే రోజులు. మొదటి న్యూట్రినో దొరికినప్పుడు పెద్దాయన హెల్మెట్ గాల్లోకి విసిరాడు, అది నెత్తిన పడి బొప్పి కట్టింది. అంతకుముందు, ట్యాంకు కట్టే రోజుల్లో పోయిన తన చేతిగడియారం కోసం క్యాంటీన్ వాళ్ల ప్రాణాలు తోడేశాడు. ఆయన పోయి రెండేళ్లయింది.

నిచ్చెన దిగి ఆమె నూట పదిహేడు దగ్గరికి వెళ్లింది. బల్బు ముందరి చట్రం సందులో ఏదో ఇరుక్కుని ఉంది. హెల్మెట్ దీపం ఆర్పింది. చీకట్లో రెండు రేడియం ముళ్లు మసగ్గా, పచ్చగా మెరిశాయి.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు కదండీ!" అంటూ నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. గెలిచానని చెప్పుకుందామంటే ఆయన లేడు.

పైకొచ్చి పాత లాగ్ బుక్కు తెరిచింది. 'బిగింపు లోపం' అన్న ఆయన రాతను కొట్టెయ్యలేదు. దాని కిందే రాసింది: 'నూట పదిహేడు మంచిదే. ముందు గడియారం పడి ఉంది.'

ఎవరి గడియారమో మాత్రం రాయలేదు.