రిబ్బను జెల్లీకి నోరెక్కడ?

రిబ్బను జెల్లీ అనే ప్రాణిని సీసాలో నిలవ ఉంచడం మహా కష్టం. మందునీళ్లు తగిలితే చాలు, పీలికలైపోతుంది. అందుకే సముద్రజీవుల మ్యూజియంవారు దాని నమూనా చేసే పని బొమ్మలాయనకు అప్పగించారు. అక్కడి మేడమ్‌కు నచ్చితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ బట్టల కొట్టు బొమ్మలకు ముక్కులు అతకడమే.

ఆయన వంటింటి బల్లంతా ఆక్రమించి, అద్దంలాంటి ప్లాస్టిక్ పట్టీ కోసి, ఇంట్లో ఉన్న దువ్వెనల పళ్లన్నీ విరిచి దాని అంచున అతికించాడు. ఇంటిల్లిపాదీ వేళ్లతో తల దువ్వుకుంటున్నారు.

"జెల్లీఫిష్ భలే కుదిరింది కదమ్మా?" అని తల్లిని అడిగాడు.

"అది జెల్లీఫిష్ కాదండీ," అంది భార్య. కాలేజీలో జంతుశాస్త్రం చదివిన మనిషి. "జెల్లీఫిష్‌కి కుట్టే కణాలుంటాయి. దీనికి ఈదడానికి దువ్వెనల్లాంటి వరసలుంటాయి. టీనోఫోరా అని వేరే వర్గమే ఉంది."

"అబ్బో! పొయ్యి మీద పాలు ఏ వర్గమో చూడు, పొంగుతున్నాయి."

అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఇల్లాలు పాలు దించింది. ఆయన బొమ్మను వానపాములా నిలువుగా వేలాడదీసి, కింది కొసన నోరు దిద్దుతున్నాడు. ఆ జీవి అడ్డంగా సాగి ఉంటుందనీ, నోరు కింది అంచుకు సరిగ్గా నడుమన ఉంటుందనీ ఆమెకు తెలుసు. అయినా, అలాగే కానీ అనుకుంది. కాస్త హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు ఆయన కొత్త చొక్కా తొడుక్కుని ఇంటివాళ్లను కూడా మ్యూజియానికి తీసుకెళ్లాడు. మేడమ్ అద్దాల బీరువా ముందు నిలబడి మెడ పక్కకు వంచింది.

"నోరెక్కడయ్యా?"

ఆయన కింది కొస చూపించాడు.

"ఇంకా నయం, తోక పెట్టలేదు!" అంది మేడమ్. గుమాస్తాలు పగలబడి నవ్వారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదే మేడమ్. ఇది జెల్లీఫిష్ కాదని మా ఆవిడ మొత్తుకుంది. నేనే వెటకారం చేశాను. పొద్దున బోర్డు మాత్రం మార్చాను, చూడండి."

బోర్డు మీద నిజంగానే గుండ్రటి అక్షరాల్లో 'టీనోఫోరా' అని ఉంది.

"మరి నోటి సంగతి చెప్పలేదా అమ్మా?" అంది మేడమ్.

తెలియదంటే సరిపోయేది. ఇల్లాలికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"తెలుసండీ. చెప్పలేదు."

ఈసారి అత్తగారు కూడా నవ్వలేదు.

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సాయంత్రం మళ్లీ వస్తాను," అని వెళ్లిపోయింది.

ఆయన స్టూలెక్కి బొమ్మను విప్పాడు. ఒక్క తిట్టయినా తిడతాడేమోనని ఆమె ఆశగా చూసింది.

"నోరు ఎంత వెడల్పుంటుంది?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా రెండో కొస అందిస్తూ.

ఆమె వేళ్లతో చూపించింది.