తాతయ్య మూలుగు

ఎల్లుండి అన్న గొంతుకి ఆపరేషన్. స్వరపేటిక మీద గడ్డ. “మాట వస్తుంది. పాట సంగతి మాత్రం నేను చెప్పలేను” అన్నాడు డాక్టరు. అన్న బుద్ధిగా తలూపాడు. బయటికి రాగానే నా భుజం పట్టుకుని, “ఒరేయ్, ఆ పాట పూర్తి చేసేద్దాంరా” అన్నాడు.

ఏ పాట అని అడగాల్సిన పనిలేదు. మా రాక్ బ్యాండ్ సగంలో వదిలేసింది ఆ ఒక్కటే. అన్న పాడేవాడు. బేస్ గిటార్, రికార్డింగ్ నావి. లీడ్ గిటార్ వాయించేవాణ్ణి ఎత్తు చూసి నిచ్చెన అని పిలిచేవాళ్లం. డ్రమ్స్ మీద నిచ్చెన బావమరిది. ఏ మ్యూజిక్ కంపెనీ మా మొహం చూడలేదు, మేమూ ఎవరి గడపా తొక్కలేదు. క్యాసెట్లు మేమే కాపీ చేసి, అట్టలు మేమే కత్తిరించి జిగురుతో అంటించి, కచేరీ అయ్యాక సంచీలోంచి తీసి అమ్మేవాళ్లం. కొన్నవాళ్లలో సగం మంది మా మీద జాలితో కొన్నారని అన్న అనేవాడు. మిగతా సగం నిచ్చెన చుట్టాలు.

ఐస్‌క్రీం దుకాణం పైనున్న గది మాది. గోడలకి పాత దుప్పట్లు, చీపురుకర్రకి కట్టిన మైకు, మూలన నా టేపు మిషను. కింద దుకాణంలో ఓ ముసలి ఫ్రీజర్ ఉండేది. దాని మోటారు మూలుగు నేలలోంచి పాకి మా అరికాళ్లకి తగిలేది. దానికి తాతయ్య అని పేరు పెట్టాం. శ్రుతి చూసుకునే పరికరం కొనే స్తోమతు మాకెక్కడిది? తాతయ్య ఏ శ్రుతిలో మూలిగితే మా తీగలు ఆ శ్రుతికే బిగించేవాళ్లం. అందుకే మా పాటలు లోకంలో ఇంకే వాయిద్యంతోనూ కలవవు. తాతయ్య కాసేపు మూలిగి కాసేపు ఊరుకునేవాడు. ఊరుకున్నప్పుడు మేం టీ తాగుతూ కూర్చునేవాళ్లం. మోటారు మళ్లీ అందుకోగానే అన్న చూపుడువేలు పైకెత్తేవాడు. ఆ వేలు లేచిందంటే అందరూ గప్‌చుప్. అప్పుడు నేను టేపు తిప్పేవాణ్ణి.

నన్ను మాత్రం పాడనిచ్చేవాళ్లు కాదు. “నువ్వు నోరు తెరిస్తే తాతయ్యకి గుండె ఆగుతుంది” అనేది నిచ్చెన వాదన. నాకు ఒళ్లు మండేది గానీ, కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇక ఆ పాట సంగతి. చివర్లో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అన్న ఒక్కడే ఒక చరణం పాడాలి. అది అవగానే మేం ముగ్గురం మళ్లీ విరుచుకుపడతాం. రికార్డింగ్ రోజుకి ఆ చరణానికి మాటల్లేవు. “రాస్తాన్రా” అంటూ అన్నాళ్లూ లలలాలతో నెట్టుకొచ్చాడు. టేపులో ఆ చోటు ఖాళీగా వదిలేశాం. ఈలోగా దుకాణం చేతులు మారింది, గది ఖాళీ చెయ్యమన్నారు, నిచ్చెనకి దూరంగా ఉద్యోగం వచ్చింది. ఆ “రాస్తాన్రా” ముప్పై ఏళ్లు సాగింది. ఆపరేషన్ తేదీ చెప్పిన రోజున మాత్రం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒక్క ఊపున రాసేశాడు.

ఒక్క పూట పాడుకోవడానికి వదిన డాక్టర్ని ఒప్పించింది. గొంతు బొంగురు పోతే వెంటనే ఆపేయాలని షరతు.

ఇప్పుడు నాకంటూ ఒక స్టూడియో ఉంది. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆ చీమని కూడా సాగనంపితే గానీ నాకు తృప్తి ఉండదు. పాత టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలూ గురగురలూ ఏరి పారేసి, అద్దంలా తుడిచిపెట్టాను. విని అన్న మెచ్చుకుంటాడని లోపల చిన్న ఆశ.

అన్న గాజు అవతల మైకు ముందు నిలబడ్డాడు. వదిన నా పక్కన వేణ్ణీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాట నడిచింది. వాయిద్యాలు ఆగాయి. అన్న ఒంటరిగా అందుకున్నాడు. గొంతు కాస్త గరుకెక్కినా బాగానే ఉంది. కానీ చరణం చివరికొచ్చేసరికి శ్రుతి ఎటో జారింది. నిచ్చెన గిటార్ వచ్చి పడగానే రెండూ పీకలు పట్టుకున్నాయి. మళ్లీ పాడాడు, మళ్లీ అదే. ఇంకోసారి పాడేసరికి బొంగురు మొదలైంది.

అన్న హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

“వదిలేయరా. గొంతు అప్పుడే పోయింది. మనకే తెలీలేదు.”

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. వదిన అందుకుంది.

“ఏం పోలేదు. రోజూ పొద్దున్నే ఇదే పాట. ఒక్క పిసరు కూడా తప్పరు. నాకేమో పాలు తీసుకోవాలంటే చరణం అయ్యేదాకా ఆగాలి.”

“పాలకీ పాటకీ ఏంటి వదినా?”

“ఫ్రిజ్‌కి ఆనుకుని కదయ్యా పాడేది! జరగమంటే జరగరు.”

నేను కుర్చీలోంచి దిగ్గున లేచాను. ఆ చరణం కింద వాయిద్యాలు లేవు గానీ, పాత టేపులో తాతయ్య ఉన్నాడు. అన్న నిలబడే నేల అది. దాన్నే నేను చెత్త అనుకుని ఊడ్చేశాను. ఇంత పేరున్న సౌండ్ ఇంజనీర్ని, నా చేతులతో నేనే అన్న కాళ్ల కింద నేల లాగేసి, పడిపోతున్నాడేమిటా అని చూస్తున్నాను.

“అన్నయ్యా, ఇంకొక్కసారి. నా మీద ఒట్టు.”

శుభ్రం చేసినదంతా తీసి పక్కన పడేసి, టేపులో ఉన్నది ఉన్నట్టుగా పెట్టాను. పాటకి ముందు కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతుగా టక్‌మంది. తాతయ్య మూలుగు అందుకున్నాడు.

గాజు అవతల అన్న తల చటుక్కున లేచింది. ముందు నవ్వాడు. తర్వాత కళ్లు మూసుకుని చూపుడువేలు పైకెత్తాడు. స్టూడియోలో మాట్లాడుతున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా నేనూ వదినా ఇంకా గట్టిగా నోరు మూసుకున్నాం.

వాయిద్యాలు ఆగిన చోట తాతయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన మీద అన్న పాడాడు.

*మెట్లన్నీ దిగాక గుర్తొచ్చింది*
*లోపల పాట ఆపకుండా వచ్చేశామని*
*వెనక్కి వెళ్లే పనిలేదు*
*వాకిలి దాకా వినిపిస్తూనే ఉంది*

ఆఖరి మాట మీదికి ముప్పై ఏళ్ల కిందటి మేం ముగ్గురం వచ్చి పడ్డాం. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. నాకు ఏడుపొచ్చింది, వదిన ముందే ఏడ్చాను. ఆవిడ ఫ్లాస్కు మూతలో వేణ్ణీళ్లు పోసి నాకిచ్చింది, పాడినవాడు నేనే అన్నట్టు.

ఆపరేషన్ అయ్యింది. గడ్డ తీసేశారు. కొన్నాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. పాట గురించి డాక్టరు ముందు చెప్పిందే మళ్లీ చెప్పాడు.

చూడటానికి వెళ్లాను. అన్న దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వదిన కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. పాట వినిపిద్దామని ఫోన్ తీశాను. ఇంతలో గది మూలనున్న చిన్న ఫ్రిజ్‌లో మోటారు తిరగడం మొదలైంది.

అన్న చూపుడువేలు పైకెత్తాడు. ఫోన్ వద్దన్నట్టు తలూపాడు. ఆ వేలిని మెల్లగా దించి నా వైపు చూపించాడు.

“నేనా? నిచ్చెనకి తెలిస్తే చంపేస్తాడు” అన్నాను.

వేలు కదల్లేదు. వదిన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

మెట్లన్నీ దిగాక అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అన్న మొహం చిట్లించి, అరచేతిని కొంచెం పైకెత్తి చూపించాడు. నేనూ కొంచెం ఎత్తాను. ఇంకాస్త అన్నాడు చేత్తోనే. ఇంకాస్త ఎత్తాను. అప్పుడు చెయ్యి దించేసి కళ్లు మూసుకున్నాడు. నేను చరణమంతా పాడాను.