నిక్కుచెవులవాళ్ళు

నిక్కుచెవులవాళ్ళు వంకాయ తినరు. అది వాళ్ళ మతంలోనే ఉంది. ఎందుకు తినరంటే పెద్ద కారణమేమీ లేదు, ఆ మతం పుట్టిన రోజుల్లో గుణకు వంకాయంటే పడదు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు, వాడి అక్క శశికళకు పన్నెండు. అత్తిమంజేరిపేటలో వాళ్ళింటి ముందుగదిలో రెండు పవర్‌లూమ్‌లు పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా లుంగీలు నేస్తూ ఉండేవి. ఆ రెండింటి మధ్య వాళ్ళమ్మ వళ్ళియమ్మ అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు ముడివేసేది. బడినుంచి వచ్చిన పిల్లలు ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి ఒకటే మాట అనేది.

"మగ్గం నిలిచినాంక చెప్పు."

మగ్గం నిలిచాక ఆమెకు వంట పని. వంటయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు. తల్లికి చెప్పలేకపోయిన కబుర్లన్నీ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. అందుకని అక్కా తమ్ముడూ కలిసి ఏకంగా ఒక జనాన్నే పుట్టించారు.

ఆ జనం పుట్టుక ఇదీ. దేవుడు లోకాన్నంతా నేసి గుడ్డ కోసేశాక, మగ్గం మీద జానెడు పోగులు మిగిలాయి. పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. వాటితోనే సన్నగా పొడుగ్గా మనుషుల్ని చేసి, తిరుత్తణి కొండకు అవతల అడవిలో వదిలిపెట్టాడు. అన్నీ సరిగ్గానే చేశాడు గానీ చెవుల దగ్గర కొసలు కత్తిరించడం మరిచిపోయాడు. అవి అట్లాగే పైకి నిక్కి ఉండిపోయాయి. ఆ చెవులతో వాళ్ళు చీమ నడిచినా వింటారు. అందుకు వాళ్ళకు కాస్త నిక్కు కూడా ఉండేది.

వాళ్ళు వయసును ఏళ్ళలో చెప్పరు, ఎన్ని వానలు విన్నారో చెబుతారు. పెళ్ళిలో తాళి ఉండదు, ఒకరి పేరు ఒకరి చెవిలో చెప్పుకుంటే పెళ్ళయిపోయినట్టే. వాళ్ళకు గుడి లేదు, విగ్రహం లేదు. వాళ్ళ దేవుడి పేరు ఇనేసామి. ఆయన వరాలివ్వడు, శాపాలివ్వడు, అసలు నోరే విప్పడు. ఎవరేం చెప్పినా వింటాడు, అంతే. ఆయన పండగకు తేదీ లేదు. ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతే అప్పుడే పండగ. మగ్గాలు రెండూ ఠక్కున ఆగిపోగానే పిల్లలిద్దరూ గోడకు చెవులు ఆనించి కళ్ళు మూసుకునేవాళ్ళు. వళ్ళియమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, "ఇప్పుడు చెప్పండి, ఏం సంగతి?" అనేది. దేవుడు ప్రత్యక్షం కావడమంటే ఇంతకంటే ఏముంటుందో నాకైతే తెలియదు.

ఇదంతా రెండు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు తమిళం. కాబట్టి తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశారు. త, ద రెంటికీ ఒకటే అక్షరమున్న ఆ రాతలో దేవుడు కాస్తా తేవుడయ్యాడు గానీ, ఆయన ఏమీ అనుకోలేదు. పెళ్ళై తిరువళ్ళూరు పోతూ శశికళ మొదటి పుస్తకం తీసుకుపోయింది. రెండోది గుణ దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు గుణకు నలభై నిండాయి. పేటలో ఆ పాత ఇంట్లోనే ఉంటూ, తిరుత్తణిలో కొండకింద ఒక బట్టలకొట్లో పనిచేస్తున్నాడు. అక్కతో మాట్లాడి మూడేళ్ళయింది.

ఒక శనివారం మధ్యాహ్నం, పంచెల కట్టలు సర్దుతుంటే ఫోన్లో ఏదో కొత్త నంబరు నుంచి వాట్సాప్ వాయిస్ వచ్చింది.

"మామా, నేను మోనిషాని. అమ్మకి తెలీకుండా పంపిస్తా ఉండా. మీరు చిన్నప్పుడు రాసిన నోటు ఒకటి బీరువాలో దొరికింది. మీ నిక్కుచెవులోళ్ళు, ఇంగ్లీషు కతల్లో చెవులు నిక్కిన ఎల్వ్స్ ఉంటారు చూడు, అచ్చం వాళ్ళే. నేను వాళ్ళని బొమ్మల పుస్తకంగా గీస్తా ఉండా. పుట్టేది, తినేది, మొక్కేది అంతా దీంట్లో ఉండాది. ఎవురన్నా సచ్చిపోతే ఏం చేస్తారో మాత్రం లేదు. అమ్మని అడిగితే, అది మీ మామ నోటుబుక్కులో ఉండాది అని లేసి బయటికి పోయింది. శానాసేపు రాలేదు. కొంచెం చూసి చెప్పు మామా."

పదహారేళ్ళ పిల్ల గొంతు. మూడేళ్ళలో ఎంత మారిందో. గుణ రెండుసార్లు విన్నాడు. చచ్చిపోతే ఏం చేస్తారని రాశారో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అమ్మ చచ్చిపోయిన రోజు మాత్రం మొత్తం గుర్తుంది.

శశికళ పెళ్ళాడిన జయకుమార్‌ది క్రైస్తవ కుటుంబం. వాళ్ళదీ తెలుగే, ఫ్యాక్టరీలో పని. పెళ్ళప్పుడు కొంత గొడవ జరిగినా, తర్వాత వళ్ళియమ్మ సర్దుకుంది. అయితే అప్పటికే మగ్గాల చప్పుడు ఆమె చెవుల్ని తినేసింది. ఫోన్ చేసి కూతుర్ని అడిగేది ఒకటే ప్రశ్న, "బాగుండావా?" అని. అవతల శశికళ గొంతు చించుకుని జవాబు చెప్పేది. "ఇనపడలేదు, ఇంగోసారి చెప్పు" అనేది తల్లి. మూడుసార్లయ్యాక విసుగొచ్చి ఫోను గుణ చేతికిచ్చేసేది.

ఆమె పోయిన రోజు ఇంటిముందు బెంచీ మీద పడుకోబెట్టారు. శశికళ తిరువళ్ళూరు నుంచి వచ్చి, ఏడవకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వెళ్ళి తల్లి చెవి దగ్గరికి వంగింది. మేనమామ చెంగల్రాయుడు చూశాడు.

"ఏందిరా అది? పీనుగు చెవిలో జపం చేస్తా ఉండాది. లేపరా దాన్ని" అన్నాడు.

గుణ లేపాడు. భుజం పట్టి లాగాడు. "నీ ఏసు జపం నీ ఇంట్లో పెట్టుకో పో. మా అమ్మకి వద్దు" అన్నాడు, వీధంతా వినేటట్టు. శశికళ అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. భర్తనూ కూతురినీ తీసుకుని, శవం లేవకముందే బస్సెక్కింది.

చేసింది అక్కే, కాబట్టి దిగి రావాల్సింది కూడా అక్కే అని గుణ మూడేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. రోజూ చెప్పుకోవాల్సి వస్తోందంటేనే అందులో ఏదో తేడా ఉందని తెలియాలి. మనవాడికి తెలియలేదు.

ఆదివారం పొద్దున అటకెక్కి, పాత నూలు కండెల పెట్టె కిందనుంచి నోటుపుస్తకం తీశాడు. దుమ్ము దులిపి వాకిట్లో కూర్చున్నాడు. చివరి పేజీల్లో దొరికింది. రాత తనదే, గుండ్రంగా, బడిలో మంచి మార్కులు తెచ్చిన రాత.

"ఎవురన్నా సచ్చిపోతే వాళ్ళకి ఇంగ మగ్గం సద్దు ఉండదు. అప్పుడు మనం చెప్పేదంతా బాగ ఇనపడతాది. అందుకని చెప్పకుండా మిగిలిపోయిన మాట వాళ్ళ చెవిలో చెప్పాల. అందురూ చెప్పాల. ఎవుర్నీ ఆపకూడదు. ఆపినోడి చెవులు రాలిపోతాయి."

గుణ ఆ మాటల్ని వేలు పెట్టి మళ్ళీ చదివాడు. అది జపం కాదు. అక్క ఏ ఏసునూ తీసుకురాలేదు. ఇద్దరూ కలిసి పుట్టించుకున్న మతం ప్రకారం, అమ్మ చెవిలో ఒక్క మాట చెప్పిపోదామని వచ్చింది. ప్రపంచంలో ఆ సంగతి తెలిసిన రెండో మనిషి తానొక్కడే. ఆ ఒక్కడే భుజం పట్టి లాగేశాడు. ఆమె ఆరోజు ఎందుకు చెప్పుకోలేదో ఇప్పుడర్థమైంది. రాసినవాడికే గుర్తులేకపోతే ఇంకెవరికి చెప్పుకుంటుంది?

కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. అవి తన రాత కాదు. అప్పుడు గుర్తొచ్చింది. చెవులు రాలిపోతాయని రాశాక తనకే భయమేసి ఏడుపందుకున్నాడు, రాలిపోయినవి మళ్ళీ రావా అని. అక్క పెన్సిలు లాక్కుని రాసింది.

"చెవులు రాలినోడు తాను ఎవుర్ని ఆపినాడో వాళ్ళ ఇంటికి పొయ్యి, నోరెత్తకుండా ముందర కూర్చోవాల. వాళ్ళు ఆ మాట వాడి చెవిలో చెప్తే సచ్చిపోయినోళ్ళకి చేరిపోతాది. వాడికీ చెవులు మళ్ళీ మొలుస్తాయి. ఏడవొద్దు గుణా."

గుణ లేచి చొక్కా వేసుకున్నాడు. తుండుగుడ్డ తలచుట్టూ తిప్పి, రెండు చెవులూ మూసుకునేటట్టు గట్టిగా ముడివేశాడు. ఎండ మాడ్చేస్తోంది. బస్సులో తిరుత్తణి చేరి, అక్కడ ఎలక్ట్రిక్ రైలెక్కాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అరక్కోణం దాకా ఓపికపట్టి, "ఎన్న తంబి, పల్లు వలియా?" అని అడిగేశాడు. పంటినొప్పి కాదని గుణ తల అడ్డంగా ఊపాడు. ఏం నొప్పో చెప్పాలంటే తిరువళ్ళూరు దాటిపోయేంత కథ. దారంతా అక్కకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. నోరెత్తకూడదన్న సంగతి గుర్తొచ్చి మళ్ళీ మానుకున్నాడు.

తలుపు మోనిషా తీసింది. "మామా" అని నవ్వబోయి, ఆ కట్టు చూసి తప్పుకుని దారిచ్చింది. జయకుమార్ వంటింట్లో మిక్సీ వేసి మసాలా రుబ్బుతున్నాడు. శశికళ గడప దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతోంది. తలెత్తి తమ్ముడిని చూసింది. చెవుల మీది తుండుగుడ్డను చూసింది. చేతిలో కత్తి కింద పెట్టింది.

గుణ వచ్చి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ముందు పెట్టాడు. ఆమె దాన్ని చదవలేదు. చదవాల్సిన పనిలేదు. మూడేళ్ళు మోసిన కోపం అంత త్వరగా కదలదు. కింద పెట్టిన కత్తి మళ్ళీ తీసుకుని ఇంకో వంకాయ తరిగింది.

"మిక్సీ ఆపు" అంది చివరికి, భర్తవైపు చూడకుండానే. మిక్సీ ఆగింది. "ఫ్యానూ ఆపు పాపా" అంది. మోనిషా ఆపేసింది. కరెంటు పోయిన ఇంట్లోలా అంతా నిశ్శబ్దమైంది.

శశికళ తుండుగుడ్డ ముడి విప్పింది. చిన్నప్పుడు మెలిపెట్టే ఎడమచెవినే పట్టుకుంది గానీ, ఈసారి మెలిపెట్టలేదు. వంగి, నోరు దానికి ఆనించి చెప్పింది.

"అమ్మా, మగ్గం నిలిచిపొయ్యింది. ఇంగ ఇను. నేను బాగుండా అమ్మా. నువ్వు అడుగుతానే ఉంటివి, నీకు ఇనపడకనే పొయ్యింది. ఆయన బాగ చూసుకుంటా ఉండాడు. నేను బాగుండా."

గుణ కళ్ళనీళ్ళు చొక్కా మీద పడ్డాయి, తుడుచుకోలేదు. చెవులు మొలిచాయి కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు. తప్పయిపోయిందని చెప్పొచ్చు. రైల్లో అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇనపడలేదక్కా" అన్నాడు. "ఇంగోసారి చెప్పు."

వినబడిందని శశికళకు తెలుసు. వంకాయల పళ్ళెం పక్కకు తోసేసి, తమ్ముడి చెవి దగ్గరికి మళ్ళీ వంగింది.