రెండు వందల ఒకటో చెయ్యి

నా చెల్లెలు ఫిజియోథెరపిస్టు. నరాలూ కండరాలూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో మిషను మీద చూసే పరీక్ష సొంతంగా చేయాలంటే ఆ డిగ్రీ ఒక్కటే చాలదట. పెద్ద డాక్టరు పక్కనుండి చూస్తుండగా రెండు వందల పరీక్షలు చేసి, ఒక్కోదానికీ ఆయన సంతకం తెచ్చుకోవాలి. ఆ పైన ఆయన ముందే చివరి పరీక్ష. రెండేళ్ళు ఆ సంతకాల పుస్తకాన్ని చంటిపిల్లలా చంకనేసుకు తిరిగింది. ఇంట్లో నా చేతిని పలక చేసుకుని, టేపుతో కొలిచి, పెన్నుతో చుక్కలు పెట్టేది. ఆ చుక్కల చేత్తోనే నేను టైలరింగు షాపులో బట్టలు కత్తిరించి తన చదువుకి డబ్బు కట్టేదాన్ని.

చివరి పరీక్ష ఒకసారి తప్పింది. చెయ్యి చల్లగా ఉంటే నరం నెమ్మదిస్తుంది కాబట్టి ముందు వెచ్చబెట్టాలి. కంగారులో అది మరిచిపోయి, లేని జబ్బు ఉందని రాసేసింది. ఇంకోసారి తప్పితే రెండు వందలూ మళ్ళీ మొదటినుంచి చేయాలి.

రెండోసారి, పరీక్ష చేయడానికి మనిషిని తనే తెచ్చుకోవాలన్నారు. నేను కాక ఇంకెవరు దొరుకుతారు?

చెల్లెలు వేడి గుడ్డ చుట్టింది, చర్మం ఎంత వెచ్చగా ఉందో కొలిచింది. మణికట్టు దగ్గర సన్నగా కరెంటు తగిలి చురుక్కుమంది, బొటనవేలు దానంతటదే ఎగిరింది. తెర మీద అంకె చూసి చెల్లెలి ముఖం పాలిపోయింది. నరం నెమ్మదిగా ఉంది.

"మళ్ళీ చల్లటి చెయ్యేనామ్మా?" అన్నాడు డాక్టరు.

నాకు ఒళ్ళు మండింది. చెల్లెలు మాత్రం తీగలన్నీ విప్పి, మళ్ళీ కొలిచి, మళ్ళీ చేసింది. అదే చేతిలో చిటికెనవేలి నరం కూడా చూసింది. అది చక్కగా ఉంది.

"చల్లదనమైతే రెండూ నెమ్మదించాలి సార్. మణికట్టు దగ్గర ఈ ఒక్క నరమే నొక్కుకుపోతోంది." నా వైపు తిరిగింది. "అక్కా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

ఇక దాచి లాభం లేదు.

"కత్తెర కూడా నిలవట్లేదే."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదైంది."

"రోజూ నా చేతిలోనే ఉందిగా ఈ చెయ్యి! ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నువ్వు చదివేదానివా?"

డాక్టరు పుస్తకంలో సంతకం పెట్టి, "ఇకమీదట నీకు నా సంతకం అక్కర్లేదమ్మా," అన్నాడు. రెండేళ్ళు ఎదురుచూసిన మాట అది. చెల్లెలు అటు చూడనైనా లేదు. తడిగుడ్డతో నా చేతి మీది చుక్కలు తుడుస్తూ ఏడుస్తోంది.

"రేపట్నుంచి కత్తెర ముట్టుకున్నావంటే చూడు!" అని కసిరింది.

నా వెనక పుట్టింది, నన్నే కసిరింది. ఎంత ముద్దొచ్చిందో!